ముందు వరుసలోని పెద్దాయన

సైన్యంలో పనిచేసినవారు దయచేసి లేచి నిలబడాలని గాయకుడు పాట మధ్యలో ఆగి కోరగానే, మా ముందు వరుసలోని పెద్దాయన ఒక చేత్తో కుర్చీని, మరో చేత్తో చేతికర్రను పట్టుకొని మెల్లగా లేచారు.

ఆయన టోపీ మీద వియత్నాం యుద్ధ సైనికుడని తెలిపే పసుపు అక్షరాలు ఉన్నాయి. అమెరికాలోని నాష్‌విల్‌లో కంట్రీ సంగీత కచేరీలకు పేరున్న గ్రాండ్ ఓల్ ఓప్రీ హాలు చప్పట్లతో మారుమోగుతున్నంతసేపూ ఆయన ఎవరివైపూ చూడలేదు. పక్కనున్న ఆవిడ మాత్రం ఆయన మోచేతిని వదలలేదు.

ఇంటికి వచ్చాక కూడా అలా సైనికులను గౌరవించే పాడేవారి గురించే ఆలోచిస్తున్నాను. అమెరికా పల్లె పాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతానికీ సైన్యానికీ ఉన్న బంధం చాలా దగ్గరిది. కంట్రీ గాయకుల్లో జానీ క్యాష్ 1950 నుంచి 1954 వరకు వైమానిక దళంలో ఉండి, జర్మనీలో సోవియట్ సైన్యం చుక్కలు, గీతలుగా పంపే మోర్స్ సంకేతాలను విని రాసుకున్నారు. జార్జ్ స్ట్రెయిట్ హవాయిలో సైనికుడిగా ఉన్నప్పుడే బ్యాండులో పాడారు. టోబీ కీత్ ఇరాక్, అఫ్ఘానిస్థాన్ శిబిరాలకు మళ్లీ మళ్లీ వెళ్లి పాడివచ్చారు. క్రెయిగ్ మోర్గన్ అయితే 2023లో, 59 ఏళ్ల వయసులో, ఇదే ఓప్రీ వేదిక మీద ప్రేక్షకుల ఎదుట ప్రమాణం చేసి, అవసరమైనప్పుడు పిలిచే సైనికుల విభాగమైన ఆర్మీ రిజర్వులో తిరిగి చేరారు. ఆ వయసులో ఆ నిర్ణయం తీసుకోవడానికి ఎంత ప్రేమ ఉండాలో నేను ఊహించలేను.

బయటికి వచ్చేటప్పుడు పెద్దాయనకు దారి ఇచ్చి, కృతజ్ఞతలు చెప్పాను. దూరదేశాల్లో ఇప్పుడు కాపలా కాస్తున్న పిల్లలకే ఆ చప్పట్లు చెందుతాయని చెప్పి, ఆయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నారు.