థైరాయిడ్ రిపోర్ట్‌లో టీఎస్‌హెచ్ 0.02, ఒంట్లో మాత్రం పూర్తిగా తిరకాసు - నా అనుభవం

నిన్ననే కొత్త రిపోర్ట్ చేతికొచ్చింది, ఇంకా ఒళ్ళు మండుతానే ఉంది, అందుకే రాస్తుండా.

మాది కావలి. పాప పుట్టినాక హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువని తేలింది, మన ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే హషిమోటో జబ్బన్నారు. పొద్దున్నే పరగడుపున ఆ లోటు తీర్చే థైరాక్సిన్ మాత్ర 100 మైక్రోగ్రాములు, అరగంట ఆగి కాఫీ. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేదు. పోయినేడు జుట్టు రాలడం మొదలైతే స్కిన్ డాక్టర్ బయోటిన్ అనే విటమిన్ మాత్ర 10 మిల్లీగ్రాములు రాశాడు, వేసుకుంటా వచ్చినా.

ఆ తర్వాత చేయించిన టెస్ట్‌లో టీఎస్‌హెచ్ 0.02, ఫ్రీ టీ4 ఎక్కువ. ఫ్రీ టీ4 అంటే రక్తంలో ఉండే థైరాయిడ్ హార్మోన్; టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ని పని చేయమని చెప్పేది, ఒంట్లో థైరాయిడ్ ఎక్కువైతే అది తగ్గుద్ది, తక్కువైతే పెరుగుద్ది. ఎప్పుడూ చూపించుకునే డాక్టరే, రూమ్ నిండా పేషెంట్లు, పక్కన మా అత్త. "ఏమ్మా, సన్నబడాలని రెండేసి మింగుతున్నావా?" అన్నాడు గట్టిగా. ఒకటే సార్ అంటే "రిపోర్ట్ అబద్ధం చెప్పదమ్మా" అని చీటీ చించి చేతిలో పెట్టాడు, ఇంకేం వాడుతున్నావు అనే మాటే లేదు. దార్లో మా అత్త నిజం చెప్పమని ఒకటే నస. ఇంటికొచ్చాక మా ఆయన మాత్రల డబ్బా పేపర్ మీద ఒంపి, బిల్లు మీద తేదీ చూసుకుంటా ఒక్కొక్కటీ లెక్కబెట్టాడు. లెక్క సరిగ్గా సరిపోయింది. అయినా "మరి రిపోర్ట్ అట్లెందుకు వచ్చింది?" అన్నాడు. ఆడమనిషి మాట కన్నా కాగితానికి విలువెక్కువ ఇచ్చే ఇళ్ళు ఇంకా ఎన్ని ఉన్నాయో, ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు వాళ్ళెవరికీ తెలీదు.

డోసు 50కి తగ్గించారు. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, మోషన్ సరిగ్గా రాదు, కావలి ఎండల్లో కూడా దుప్పటి కప్పుకున్నా, జుట్టు ఇంకా రాలింది. మళ్ళీ టెస్ట్ చేస్తే టీఎస్‌హెచ్ తక్కువే! థైరాయిడ్ ఎక్కువైంది, మాత్ర పూర్తిగా ఆపేసి, థైరాయిడ్‌ని తగ్గించే కార్బిమజోల్ మొదలుపెడదాం అన్నాడు ఆ డాక్టర్. అప్పుడు నాకు భయమేసి నెల్లూరు బస్సెక్కినా.

పొగతోటలో ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్, ఆడ డాక్టరే. నాడి చూసింది, చీలమండ వెనక చిన్న సుత్తితో కొట్టి, పాదం నిదానంగా వెనక్కి రావడం నాకే చూపించింది, థైరాయిడ్ తక్కువైతే అట్లా ఉంటదంట. "మనిషికీ కాగితానికీ పొంతన లేదమ్మా, బ్యాగ్‌లో ఉన్న మాత్రలన్నీ తీయి" అంది. బయోటిన్ షీట్ చూడగానే ఆగిపోయింది.

చాలా మిషన్లలో స్ట్రెప్టావిడిన్ అనే పదార్థానికి బయోటిన్ అతుక్కునే గుణం మీదే టెస్ట్ నడుస్తుందంట. రక్తంలో మనం మింగిన బయోటిన్ ఎక్కువుంటే, బస్సులో తువ్వాళ్ళు వేసి సీట్లన్నీ ఆపుకున్నట్టు అదే చోటంతా పట్టేస్తది, టీఎస్‌హెచ్‌ని పట్టుకున్నది కడిగేటప్పుడు కొట్టుకుపోద్ది, రీడింగ్ తక్కువొస్తది. ఫ్రీ టీ4 కొలిచే పద్ధతి తలకిందులు కాబట్టి అది ఎక్కువ చూపిస్తది. రెండూ కలిస్తే అచ్చం హైపర్ థైరాయిడే, అంటే థైరాయిడ్ ఎక్కువైనట్టే కనపడుద్ది. పెద్దవాళ్ళకి రోజుకి సుమారు 30 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు, నా మాత్రలో ఉన్నది 10,000. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని గురించి హెచ్చరించింది, అన్నేళ్ళ కిందటి సంగతి తెలుసుకోకుండా మనుషుల్ని దొంగల్ని చేస్తారా?

బయోటిన్ ఆపి మళ్ళీ చేయిస్తే టీఎస్‌హెచ్ 38, అంటే థైరాయిడ్ బాగా తక్కువ. డోసు తగ్గించినాక జుట్టు ఇంకా రాలింది థైరాయిడ్ సరిపోకే అయ్యుండొచ్చంది. డోసు మళ్ళీ 100 చేసింది, నిన్నటి రిపోర్ట్‌లో టీఎస్‌హెచ్ 3.1, నార్మల్.

టెస్ట్‌కి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి, పెద్ద డోసైతే ఇంకా ముందే, డాక్టర్ని అడిగి. మల్టీవిటమిన్ షీట్ వెనక కూడా చదవండి, చాలా వాటిలో ఉంటది. ఐరన్, కాల్షియం మాత్రలు థైరాక్సిన్‌కి నాలుగు గంటలు ఎడంగా వేసుకోండి. డాక్టర్ గట్టిగా అరిచినా సరే, మీ మాత్రలన్నీ ఆయన టేబుల్ మీద పోయండి.

పాత రిపోర్ట్, కొత్త రిపోర్ట్ రెండూ పట్టుకెళ్ళి ఆ మొదటి డాక్టర్ ముందు పెట్టినా. "మిషన్ అట్లా చూపించిందమ్మా, నేనేం చేసేది" అన్నాడు. మీరు అడగలేదు సార్, అని అందరి ముందే చెప్పొచ్చినా. ల్యాబ్ వాళ్ళకి మాత్రం, బ్లడ్ తీసే ముందు బయోటిన్ వాడుతున్నారా అని అడగమని కాగితం మీద రాసిచ్చినా. చూస్తాం మేడం అన్నారు, మళ్ళీ పోయినప్పుడు అడుగుతా.