వాపు చెయ్యి, ఈత రాని నేను, స్విమ్మింగ్ పూలు

బ్రెస్ట్ కాన్సర్ ఆపరేషన్‌లో చంకలో లింఫ్ నోడ్స్ (ఒంట్లో లింఫ్ అనే నీటిని వడగట్టే చిన్న గ్రంథులు) తీసేశారు కదా, ఏడాదిన్నరకి ఎడం చెయ్యి ఉబ్బడం మొదలైంది, గాజు ఎక్కట్లేదంటే లావయ్యాననుకున్నా, తీరా చూస్తే కుడి చేతికి అవే గాజులు లొడలొడలాడుతున్నాయి. లింఫెడిమా అట, అంటే ఆ నీరు పోయే దారి లేక చేతిలో నిలిచిపోయి వచ్చే వాపు. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవడమే.

ఫిజియోథెరపీ మేడమ్ నీళ్ళలో ఎక్సర్‌సైజ్ చెయ్యమంటే నవ్వొచ్చింది, నాకు ఈతే రాదు. రానక్కర్లేదట. ఛాతీ లోతు నీళ్ళలో నించుని చేతులు మెల్లిగా ముందుకీ వెనక్కీ ఆడించడం, పిడికిలి మూసి తెరవడం, అంతే. లోతుకెళ్ళేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి చెయ్యి కిందకి వదిలేస్తే వేళ్ళ దగ్గర ఎక్కువ, భుజం దగ్గర తక్కువ, వాపుకి చేతిని నొక్కి ఉంచేలా తొడిగే స్లీవ్ చేసే పనే నీళ్ళు చేస్తాయన్నమాట. బాగా వేడి నీళ్ళు మాత్రం వద్దు, వాపు పెరగొచ్చు.

మేడమ్ మసాజ్ కూడా చెయ్యమన్నారు అనగానే మా అత్తయ్య నువ్వుల నూనె పట్టుకొచ్చి గట్టిగా పిసకబోయారు, అబ్బే అలా కాదత్తయ్యా అని ఆపా. పసిపిల్ల బుగ్గ నిమిరినంతే, చర్మం కాస్త కదిలితే చాలు. ముందు మెడ దగ్గర, తర్వాత కుడి చంక, ఆ తర్వాతే వాచిన చెయ్యి, అదీ భుజం దగ్గర మొదలెట్టి కిందకి దిగుతూ, కానీ నిమిరేది ప్రతిసారీ పైకే. పైన దారి ఖాళీ చెయ్యకుండా కిందనుంచి తోస్తే నీరు ఎటు పోతుంది మరి? చెయ్యి ఎర్రబడి జ్వరమొస్తే మాత్రం మసాజూ లేదు స్విమ్మింగ్ పూలూ లేదు, అదే రోజు డాక్టర్ దగ్గరికే.

మొన్న సబ్బు రాసి గాజు ఎక్కించా. సంబరంగా మేడమ్‌కి చెప్తే, ఆ చేతికి బిగుతువి వేసుకుంటారా అని ఒకటే తిట్లు.