సామ్ అలా అరవడు

"నాన్నా, సామ్ అలా అరవడు. అలా అరిచేది నువ్వే."

ఆదివారం పొద్దున నా ఒళ్ళో కూర్చుని మంటలార్పే సామ్ కథలున్న పిల్లల టీవీ బొమ్మల సీరియల్ ఫైర్‌మాన్ సామ్ చూస్తూ మా పాప అన్న మాట ఇది. ఐదేళ్ళు దానికి. ఇప్పటి కంప్యూటర్ సామ్ కాదు, 1987 నాటి పాత సామ్. బొమ్మల్ని పిసరంత కదపడం, ఫొటో తీయడం, మళ్ళీ కదపడం, అలా చేసినది. ఆ బొమ్మలకు నోళ్ళు కదలవు. తలలూపుతాయి, చేతులాడిస్తాయి. దాంతో నాకు ఆశ పుట్టింది, సౌండు తీసేసి నేనే తెలుగులో చెబితే పోలా అని.

మేముండేది వేల్స్‌లో, కార్డిఫ్‌లో. స్కూల్లో అక్కడి భాష వెల్ష్ నేర్పుతారు. వెల్ష్‌లో సామ్ పేరు సామ్ తాన్. తాన్ అంటే నిప్పు. "సామ్‌కి వెల్ష్ వచ్చు, ఇంగ్లిష్ వచ్చు. తెలుగు రాదా?" అని అంతకు ముందు వారమే అడిగింది. ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ వెల్ష్ సామ్ ఊరికే రాలేదు మరి. తమ భాషకు టీవీ చానెల్ ఇస్తామన్న ప్రభుత్వం మాట తప్పబోతే, 1980లో వేల్స్ నాయకుడు గ్విన్ఫోర్ ఎవన్స్ ఆమరణ దీక్షకు కూర్చుంటానన్నాడు. కూర్చోకముందే ప్రభుత్వం దిగొచ్చింది. 1982లో ఎస్‌ఫోర్‌సీ అనే ఆ వెల్ష్ చానెల్ మొదలైంది, ఐదేళ్ళకు అందులో సామ్ తాన్ వచ్చాడు. ఇది తెలిసినప్పుడు పొట్టి శ్రీరాములుగారు గుర్తొచ్చి చాలాసేపు మనసు మనసులో లేదు. 1952లో ఢిల్లీ దిగొచ్చేసరికి ఆయన ప్రాణం పోయింది.

సరే, రిమోట్ తీసుకుని మొదలుపెట్టాను. అందులోని అల్లరి పిల్లాడు నార్మన్ ఎప్పటిలాగే ఏదో చేసి ఇరుక్కున్నాడు. సామ్ వచ్చాడు. నా నోటి నుంచి వచ్చిన తెలుగు ఇది: "ఏయ్ నార్మన్! దిగు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

అప్పుడంది పాప ఆ మాట.

ఆ రోజంతా నన్ను నేనే విన్నాను. లే. పళ్ళు తోముకో. ఆ బూట్లు తియ్యి. నోరు మూసుకుని తిను. ఇవన్నీ తెలుగులో. వాన ఎందుకు పడుతుంది, పోయిన తాతయ్య ఇప్పుడెక్కడున్నాడు, ఇవి ఇంగ్లిష్‌లో. రాత్రి దుప్పటి కప్పి ముద్దు చేసేదీ ఇంగ్లిష్‌లోనే. ఇంట్లో తెలుగే మాట్లాడండి అని కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పేది నేనే. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఐదేళ్ళుగా ఆ పిల్ల చెవిలో పడ్డ తెలుగు ఎలాంటిదో తలుచుకుంటే, రేపు తనకు తెలుగొద్దని అంటే ఏ ముఖం పెట్టుకుని కాదనాలో తెలియడం లేదు.

ఇవాళ మళ్ళీ అదే ఎపిసోడ్ పెట్టమంది. సౌండు తీసేశాను. సామ్ నిచ్చెన వేసుకుని నార్మన్ దగ్గరకు ఎక్కుతున్నాడు. చిన్నప్పుడు నేను గోడ మీద నుంచి పడితే మా అమ్మ మోకాలి దుమ్ము దులుపుతూ అన్న మాట నోటికొచ్చింది.

"ఏం కాలేదులే నాన్నా, నేనున్నాగా."

పాప టీవీ వదిలేసి నా వైపు చూసింది.