వాల్సింగంలో చెప్పుల్లేని మైలు

పాప ఇంక్యుబేటర్‌లో ఉన్న పదకొండు రోజులూ గుణదల మాతకే మొక్కుకున్నాను. బిడ్డ ఇంటికొచ్చి ఏడాది నిండినా ఇంగ్లండు నుంచి విజయవాడ ప్రయాణం కుదరలేదు. "అక్కడున్నదీ ఆ తల్లే కదే! వాల్సింగం వెళ్లి చెప్పులు లేకుండా నడువు" అని అమ్మ ఫోనులోనే తీర్పు చెప్పేసింది. వాల్సింగం ఇక్కడి మరియమాత పుణ్యక్షేత్రం. పోయిన శనివారం వెళ్లాం.

చెప్పులు విడిచే స్లిప్పర్ చాపెల్ దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. గుడేమో మా హాలంత. ముందున్నవాళ్లు ఫోన్లెత్తి పట్టుకుంటే వెనకున్నవాళ్లకు మరియమ్మ బదులు ఫోన్లే దర్శనమిచ్చాయి. 1530ల్లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించాక కొట్టంగా మారిన ఈ గుడిని షార్లట్ బాయిడ్ అనే ఆవిడ కొని బాగుచేయించింది. లేకపోతే ఈ తోపులాట కూడా ఉండేది కాదనుకుని, చిరాకుగానే నడక మొదలుపెట్టాను.

జపమాల సగంలో ఉండగా కంకర రాయి అరికాల్లో దిగింది. రోడ్డు పక్క ఇంట్లోంచి ఒక పెద్దావిడ చూసి కుర్చీ తెచ్చి వేసింది. గోరువెచ్చని నీళ్లతో తనే రక్తం కడిగి ప్లాస్టర్ అంటించింది. "మాది మీ చర్చి కాదమ్మా" అంటూ తన ప్రహరీ చూపించింది. చెకుముకి రాళ్ల మధ్య అక్కడక్కడా నునుపుగా చెక్కిన తెల్లరాళ్లు. వాల్సింగం మఠం పడగొట్టినప్పటివని వాళ్ల మామగారు చెప్పేవారట.

ఆ మఠంలో ఇప్పుడు మిగిలినవాటిలో గొప్పది తూర్పు గోడ కమాను. అద్దాలుండాల్సిన చోట ఆకాశం. 1537లో, మఠాల మూతకు ఎదురుతిరగబోయారని కొందరు ఊరివాళ్లతో పాటు ఇక్కడి ఉపమఠాధిపతినీ ఉరితీశారు. మరుసటి ఏడాది మఠం పోయింది. తల్లి విగ్రహాన్ని లండనుకు తీసుకెళ్లి కాల్చేశారు.

ఆ పని చేయించిన ఎనిమిదో హెన్రీని దారంతా తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ 1511లో కొడుకు పుట్టాడని మొక్కు తీర్చుకోవడానికి ఆయనా ఇక్కడికి చెప్పుల్లేకుండా నడిచాడంటారు. ఆ బిడ్డ 52 రోజులే బతికాడు. అది గుర్తొచ్చాక తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

సాయంత్రం కారు కోసం వెనక్కి వచ్చేసరికి జనం పలచబడ్డారు. గుడిలో దీపాల వెలుగులో కిరీటం, ఒడిలో బిడ్డ. "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని మొదలుపెట్టాను గానీ గొంతు పెగల్లేదు. పాప మాత్రం విగ్రహంలోని పిల్లాడి వైపు చేయి చాపింది. అరనిమిషం. ఈలోగా వెనక ఎవరో దగ్గారు.

బయట పాప పేరు మీద ఒక కొవ్వొత్తి వెలిగించి, రెండోది తీశాను. హెన్రీ ఖజానా నుంచి ఏటా ఇక్కడొక దీపానికి డబ్బు వచ్చేది. 1538 లెక్కల్లో ఆ పద్దు ఎదురుగా సున్న వేశారు.

ఎవరికని మా ఆయన అడిగితే చెప్పాను.

"రాజుగారి బాకీ కూడా మనమే తీర్చాలా?" అంటూనే డబ్బాలో మరో నాణెం వేశాడు.