వైశాఖంలో బీట, కార్తీకంలో బూజు

పచ్చి చెక్కతో లేత్ (చెక్కను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) మీద గిన్నెలు చేసేవాళ్లకి మా నెల్లూరు వైపు రెండు తలనొప్పులు. మే నెల పడమటి గాలికి పగలడం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురుకి బూజెక్కడం. ఒకదానికి చేసే వైద్యం రెండోదాన్ని పెంచుతుంది. చలిదేశాల వాళ్ల వీడియోలు చూసి ఏడాదంతా ఒకే పద్ధతిలో ఆరబెట్టడం ఇక్కడ కుదరదు.

తేమ సుమారు 30 శాతానికి దిగేదాకా చెక్క ముడుచుకోదు, కణాల్లో విడిగా ఉన్న నీళ్లే పోతుంటాయి. ఆ కిందికి దిగాకే ముడుచుకోవడం మొదలవుతుంది, అదీ అన్ని వైపులా ఒకేలా కాదు, దుంగలోని వలయాల వెంబడి ముడుచుకునేది నడిమధ్య వైపు ముడుచుకునేదానికి దాదాపు రెట్టింపు. గుండ్రంగా తిప్పిన గిన్నె ఆరాక కోలగా మారేది అందుకే. కోలగా మారితే నష్టం లేదు, మొదట మందంగా తిప్పి ఆరబెట్టి, ఆరాక రెండోసారి తిప్పేటప్పుడు సరిచేసుకోవచ్చు. పైన ఎండిపోయి లోపల పచ్చిగా ఉంటేనే బీట పడేది.

అందుకని సామిల్లులోనే దుంగను నిలువునా చీల్పించి, నడిమి బొడ్డు గిన్నెలోకి రాకుండా తీసేయించండి. మొదటి విడత తిప్పేటప్పుడు గోడ మందం వెడల్పులో పదో వంతు, అంటే 10 అంగుళాల గిన్నెకు 1 అంగుళం. అడుగు కూడా అంతే ఉండాలి, మందంగా వదిలేస్తే చీలిక అక్కడ మొదలవుతుంది. ఉదయగిరి చెక్క గరిటెలు పగలవు కదా అని కొందరు అడుగుతారు. అవి పల్చన కాబట్టి లోపలా బయటా దాదాపు ఒకేసారి ఆరతాయి, గిన్నె సంగతి వేరు.

ఎండాకాలంలో, చెక్క పోగులు తెగి వాటి కొనలు బయటపడే ఎదురెదురు రెండు చోట్లా కరిగించిన మైనం పూసి (నీరు అక్కడినుంచే అన్నిటికన్నా తొందరగా పోతుంది), కాగితపు సంచిలో పొడి చెక్కపొట్టు వేసి, గిన్నెను అందులో పెట్టి, గాలి తగలని మూల ఉంచండి. ఫ్యాన్ కింద మాత్రం వద్దు.

వానల్లో అదే పొట్టు తడి పట్టి బూజుకి పరుపైపోతుంది. అప్పుడు పొట్టూ సంచీ రెండూ మానేసి, మైనం ఆ కొనలకే పూసి, లేత్ మీదే కాసేపు వేగంగా తిప్పి నీళ్లు చిమ్మించి, తుడిచి, జల్లెడలాంటి అరల మీద ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి. గదిలో గాలి ఆడాలి గానీ గిన్నెకు నేరుగా తగలకూడదు. ప్లాస్టిక్ కవరు ఒక్క రాత్రికి, పని సగంలో ఆగినప్పుడు పర్లేదు, ఆపైన వద్దే వద్దు.

మామిడితో మరీ జాగ్రత్త, కొట్టిన దుంగను నాలుగు రోజులు వదిలేస్తే నీలిమచ్చ లోపలికి దిగిపోతుంది, ఉప్పుకాగితంతో ఎంత రుద్దినా పోదు. చెక్క బలం పెద్దగా తగ్గదు, చూపే పోతుంది. నల్లతుమ్మ మీద నల్లమచ్చ కనబడితే బూజని కంగారుపడకండి, ఇనుము తగిలినా అలాగే అవుతుంది, నిమ్మరసం రుద్ది చూడండి, చాలావరకు వదులుతుంది. సర్వి మొద్దు మాత్రం ఎంత జాగ్రత్త పడ్డా పగులుతుంది, నేనైతే దాన్ని పొయ్యిలోకే పంపిస్తా.

ఆరిందో లేదో వారానికోసారి తూకం వేసి చూసుకోవాలి. కార్తీకంలో బరువు తగ్గడం ఆగిందని రెండోసారి తిప్పేయకండి, గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఆగింది. ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ తూచండి, ఇంకా దిగుతుంది.