కడుపు బాలేదంటే జలుబు మందిచ్చారు

స్పెయిన్‌లో ఇంగ్లిష్ చెప్పడానికి గ్రనాదా వెళ్లిన మొదటి వారం సంగతి ఇది. రెండు ఫ్లైట్లు, ఆ తర్వాత బస్సు, మాటిమాటికీ టాయిలెట్‌కి లేవాల్సొస్తుందని దారంతా నీళ్లు సరిగ్గా తాగలేదు, పైగా మూడున్నర గంటల టైం తేడా, దాంతో నాలుగు రోజులైనా మోషన్ అవ్వలేదు, కడుపు రాయిలా అయిపోయింది.

ఆ రోజు ఆదివారం. అక్కడ సెలవు రోజుల్లో వంతులవారీగా మందుల షాపులు తెరుస్తారు, ఫర్మాసియా దె గ్వార్దియా అంటారు, ఆకుపచ్చ ప్లస్ గుర్తు వెలుగుతుంటే అది చూసుకుని వెళ్లా. ఇంగ్లిష్‌లో కాన్‌స్టిపేటెడ్ కదా, చివర కాస్త మారిస్తే స్పానిష్ అయిపోతుందనుకుని "ఎస్తోయ్ కాన్‌స్తిపాదా" అన్నా. షాపులో ఉన్నావిడ పాపం అనుకుంటూ జలుబు మందు తీసి ముందు పెట్టింది. ఆ మాటకి అక్కడ జలుబు చేసిందని అర్థం!

కాదు కాదని పొట్ట పట్టుకుని చూపించా, సిగ్గేసి, ఎంబరాస్డ్‌గా ఉందండీ అని చెప్దామని "ఎస్తోయ్ ఎంబరసాదా" అన్నా. అంటే గర్భవతినని. ఆవిడ గబుక్కున మందు వెనక్కి లాక్కుని, కుర్చీ వేసి, ఎన్నో నెలని అడిగింది. ఆవిడ చేసిందే కరెక్ట్, కొన్ని జలుబు మందులు కడుపుతో ఉన్నవాళ్లు వాడకూడదు. చివరికి ఫోన్ తీసి చూస్తే నాక్కావాల్సిన మాట ఎస్త్రెన్యీదా! ఆవిడా నేనూ, వెనక నిలబడ్డ తాతగారూ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం.

నవంబర్‌లో క్లాసులో ఒకబ్బాయి ముక్కు చీదుకుంటూ "టీచర్, ఐయామ్ కాన్‌స్టిపేటెడ్" అన్నాడు. టిష్యూ ఇచ్చి, అనుకున్న పాఠం పక్కన పెట్టేసి, ఆ గంటంతా జ్వరం, వాంతి, విరేచనాలు, ఎక్కడ ఎలా నొప్పి, ఇవే చెప్పా. పుస్తకాల్లో ఇవి ఎక్కడో చివర్లో ఉంటాయి, నా మట్టుకు నాకు ఇవే ముందు రావాలి, ఊరుకాని ఊళ్లో ఒంట్లో బాలేనప్పుడు మాట దొరక్కపోతే ఎంత భయమేస్తుందో పడినవాళ్లకే తెలుసు.

ఆ పిల్లలే నాకు మరెయాదా అన్న మాట నేర్పారు, తల తిరుగుతోంది, వాంతొచ్చేలా ఉందని. తర్వాత అల్పుహార్రాస్ కొండల్లో బస్సు మెలికలు తిరుగుతుంటే నేను తల వంచుకుని హోంవర్కులు దిద్దుతున్నా, లోపల చెవికి మలుపులు తెలుస్తుంటాయి, కళ్లేమో కదలని కాగితం మీద, ఇంక తిప్పకుండా ఎలా ఉంటుంది? "ఎస్తోయ్ మరెయాదా!" అని అరిచా. డ్రైవర్ వెంటనే పక్కకి తీసి బస్సు ఆపేశాడు.