అక్క ఫైలులోని 2.61

మా కుటుంబంలో ఇద్దరికి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు, ఉంది. మా అక్కకు 44వ ఏట వేళ్ల కణుపులు వాచి, ఉదయం లేచాక రెండు గంటలపాటు పిడికిలి బిగించలేని స్థితితో ఈ జబ్బు బయటపడింది. మా చిన్న మేనమామకు 60 దాటిన తర్వాత వచ్చింది. ఇద్దరూ ఈ జబ్బును అణిచే మెథోట్రెక్సేట్ అనే మందును వారానికి ఒకసారి వేసుకుంటున్నారు. పోయిన ఏడాది ఒకే నెలలో ఇద్దరూ పరీక్షకు వెళ్లినప్పుడు, మామయ్యకు జబ్బు అణిగిందని, అంటే రెమిషన్‌లో ఉన్నారని చెప్పారు. అక్కకు ఇంకా అణగలేదన్నారు. "వాపు లేదు, నొక్కితే నొప్పి లేదు, అయినా తగ్గలేదంటారేమిటే?" అని అక్క ఫైలు నా చేతిలో పెట్టింది. అందులో ఆమె స్కోరు 2.61 అని ఉంది. 2.6 కంటే తక్కువ ఉంటేనే రెమిషన్.

ఆ స్కోరు పేరు డాస్-28. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్లు, మోకాళ్లు కలిపి 28 కీళ్లలో నొక్కితే నొప్పి పుట్టేవి ఎన్ని, వాచినవి ఎన్ని అని లెక్కించి, వాటికి ఈఎస్ఆర్ (గొట్టంలో ఎర్ర రక్తకణాలు కిందికి దిగే వేగం, వాపుకు సూచిక) విలువను, 'మొత్తం మీద మీకెలా ఉంది?' అన్న ప్రశ్నకు రోగి 100లో ఇచ్చుకున్న మార్కును ఒక సూత్రంలో కలుపుతారు. నొప్పి ఉన్న కీళ్ల వర్గమూలానికి 0.56 గుణకమైతే, వాచిన కీళ్ల వర్గమూలానికి 0.28 మాత్రమే, అంటే వైద్యుడి వేలికి తగిలే వాపు కంటే రోగి చెప్పే నొప్పికి రెట్టింపు బరువు ఉంది. ఈఎస్ఆర్ సహజ సంవర్గమానానికి గుణకం 0.70, రోగి మార్కుకు 0.014.

అక్క అంకెలను నేనే కాగితం మీద వేసి చూశాను. నొప్పి ఉన్న కీళ్లు సున్నా, వాచినవి సున్నా, ఈఎస్ఆర్ 28, తన మార్కు 20. ఈఎస్ఆర్ నుంచి 2.33, మార్కు నుంచి 0.28, మొత్తం 2.61. అయితే 50 దాటిన స్త్రీకి ఈఎస్ఆర్ 30 వరకు మామూలే అని ల్యాబ్ కాగితం మీదే అచ్చయి ఉంది; అదే వయసు పురుషుడికి ఆ హద్దు 20. మామయ్య ఈఎస్ఆర్ 14. మిగిలినవన్నీ అక్కవే తీసుకుని ఆ 14 పెట్టి చూస్తే 2.13 వస్తుంది. జబ్బు తేడా ఏమీ లేకుండానే, స్త్రీ రక్తం, పురుషుడి రక్తం గొట్టంలో దిగే వేగంలోని సహజమైన తేడా ఒకరిని గీతకు ఇటు, మరొకరిని అటు నిలబెట్టింది. దీనికి రక్తహీనత తోడైతే ఈఎస్ఆర్ ఇంకా పెరుగుతుంది, మన స్త్రీలలో రక్తహీనత ఎంత సాధారణమో చెప్పనక్కర్లేదు.

ఇది మా అక్క ఒక్కదాని సంగతి కాదు. 25 దేశాలకు చెందిన 6,004 మంది రోగులను పరిశీలించి 2009లో ప్రచురించిన క్వెస్ట్-ఆర్ఏ అధ్యయనంలో, డాస్-28 ప్రకారం రెమిషన్‌లో ఉన్నవారు పురుషులలో దాదాపు 30 శాతం కాగా స్త్రీలలో సుమారు 17 శాతమే. 'మూత తిప్పగలరా, బరువు ఎత్తగలరా' వంటి ప్రశ్నలతో కొలిచే అశక్తతలోనూ స్త్రీలకే ఎక్కువ మార్కులు పడ్డాయి. కానీ జబ్బు లేనివారిలోనూ పిడికిలి బలం స్త్రీలకు తక్కువే కదా. మందులు స్త్రీలలో సరిగా పనిచేయవని తేల్చేముందు, ఆ ఫలితాన్ని ఏ కొలబద్దతో కొలిచారో చూడాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అలాగని తేడా అంతా అంకెల్లోనే ఉందని అనను. స్త్రీలకు ఈ వ్యాధి పురుషుల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. గర్భధారణలో చాలామందికి కీళ్ల వాపు తగ్గి, కాన్పయిన కొద్ది నెలల్లో తిరగబెడుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ 1930లలో ఈ ఉపశమనాన్ని జాగ్రత్తగా గమనించి, శరీరంలోనే ఏదో పదార్థం జబ్బును అణచివేస్తోందని ఊహించారు. ఆ వెతుకులాటే 1948లో కార్టిసోన్ వాడకానికి, 1950లో నోబెల్ బహుమతికి దారితీసింది. పిల్లలు కావాలనుకునే స్త్రీ మెథోట్రెక్సేట్‌ను ఒకటి నుంచి మూడు నెలల ముందే మానాలి, కాబట్టి ఆమె చికిత్స దారే వేరవుతుంది.

అక్కకు ఒక కూతురు ఉంది. 'దానికీ వస్తుందా?' అన్నది అక్క అసలు దిగులు. అన్నిటికంటే బలమైన జన్యు ప్రమాదం హెచ్ఎల్ఏ-డీఆర్‌బీ1 అనే జన్యువులోని కొన్ని రూపాలది. అది ఆడ-మగ తేడాతో సంబంధం లేని 6వ క్రోమోజోము మీద ఉంటుంది, కాబట్టి కొడుకుకైనా కూతురుకైనా సమానంగానే అందుతుంది. మరి స్త్రీలలోనే ఎందుకు ఎక్కువ? హార్మోన్లతోపాటు ఎక్స్ క్రోమోజోము మీద అనుమానం ఉంది. స్త్రీ కణంలోని రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని నిద్రపుచ్చే జిస్ట్ అనే ఆర్ఎన్ఏ చుట్టూ ప్రోటీన్లు గుమిగూడతాయి; ఆ గుంపే రక్షణ వ్యవస్థను రెచ్చగొడుతుందేమోనని అనుమానం. ఆ జిస్ట్‌ను మగ ఎలుకలలో తయారయ్యేలా చేస్తే, ఆత్మరోగనిరోధక వ్యాధికి (రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బుకు) లోనయ్యే జాతిలో వాటికీ ఆడ ఎలుకల స్థాయిలో జబ్బు వచ్చిందని స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2024లో చూపించారు. అది లూపస్ అనే మరో ఆత్మరోగనిరోధక వ్యాధిని పోలిన జబ్బు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ కాదు. అయినా దారి చూపే ప్రయోగమే. అక్క కూతురికి ప్రమాదం ఇతరుల కంటే ఎక్కువే, కానీ అలాంటి జన్యురూపాలున్నవారిలో అత్యధికులకు ఈ జబ్బు ఎప్పటికీ రాదని అక్కకు చెప్పాను.

మామయ్య విషయంలో నా భయం వేరు. ఈ వ్యాధి ఊపిరితిత్తులను గట్టిపరచే సమస్య పురుషులలో, పొగతాగినవారిలో ఎక్కువ; ఆయన 30 ఏళ్లు బీడీలు కాల్చారు. డాస్-28లో దగ్గుకు గడి లేదు. రెమిషన్ అన్న మాట విని ఇల్లు చేరాక, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అత్తయ్య చెబితేగాని మాకు తెలియలేదు. మరుసటి విజిట్‌లో ఆయనకు ఛాతీ సీటీ స్కాన్ తీయించాం. అక్కకు హిమోగ్లోబిన్ పరీక్ష రాశారు, అది 9.8 వచ్చింది. ఇప్పుడు ఐరన్ మాత్రలు వాడుతోంది; కొత్త మందేదీ చేర్చలేదు.